నిద్రబండ్ల రోడ్డు మీద ఒక గేటు

పందొమ్మిది వందల అరవై మూడు వేసవిలో నేను నూజివీడులో రోడ్ల శాఖ జూనియర్ ఇంజనీరుగా ఉన్నాను. జూనియర్ ఇంజనీరంటే ఆ రోజుల్లో ఒక సెక్షన్‌కి అధిపతి. పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆ పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, కింద వర్క్ ఇన్‌స్పెక్టరు, గ్యాంగు కూలీలు. అధిపతి అని పేరే గానీ నా రాజ్యమంతా కంకర గుట్టలు, తారు డ్రమ్ములు, ఒక సైకిలు. మే నెల మొదట్లో మా ఏ.ఈ. గారు నన్ను పిలిచి, బాపులపాడు వైపు పోయే రోడ్డు పక్కన ఒక మామిడితోటలో విడిది గదులు కట్టుకుంటారట, రోడ్డు మీదికి గేటు పెట్టుకోనివ్వమని అర్జీ పెట్టారు, వెళ్లి రాకపోకలూ దారీ చూసి రిపోర్టు రాయమన్నారు.

విడిది గదులంటే ఏంటండీ అని అడిగాను. "బెజవాడ వాళ్లు డబ్బులిచ్చి మామిడిచెట్ల కింద పడుకోవడానికి వస్తారటయ్యా," అన్నారాయన నవ్వు ఆపుకుంటూ. నేనూ నవ్వాను. అప్పట్లో మా వైపు ఎండాకాలం మామిడిచెట్టు కింద పడుకోని మనిషి లేడు, దానికి డబ్బులిచ్చే మనిషీ లేడు.

రోడ్డు పనంటే తారు పోయడమే అనుకునేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అందుకని ఆ పని ఏమిటో కాస్త చెబుతాను. కొత్త గేటుకి అనుమతి ఇవ్వాలంటే మేము ముఖ్యంగా రెండు చూసేవాళ్లం. మొదటిది, ఆ రోడ్డు మీద ఏ రకం బండ్లు ఎన్ని తిరుగుతున్నాయో రాత్రింబగళ్లు మనుషుల్ని వంతులవారీగా కూర్చోబెట్టి లెక్కపెట్టించడం. లారీ, బస్సు, కారు, ఎడ్లబండి, సైకిలు, దేని గీత దానిదే. రెండోది చూపు దూరం. గేటులోంచి వచ్చేవాడికి రోడ్డు ఎంత మేర కనపడుతుంది, రోడ్డు మీద వచ్చేవాడికి గేటు ఎక్కడి నుంచి కనపడుతుంది అన్నది. ఎరుపూ తెలుపూ చారల కర్ర ఒకటి కూలీ చేతికిచ్చి నడిపిస్తాం, అది కంటికి ఆనకుండా పోయేదాకా. మనిషి కన్నూ కారు బ్రేకూ కలిపి లెక్కవేసిన దూరాలు మా పుస్తకాల్లో ఉండేవి.

తోట యజమాని సుభద్రమ్మ గారు. నలభై ఏళ్లుంటాయి. భర్త పోయి రెండేళ్లయింది, పిల్లల్లేరు. తోట ఉమ్మడిది, అన్నదమ్ములు చెరో సగం చేసుకునేవాళ్లు. సగం తనదైనా ఆడమనిషి ఒంటరిగా తోట చేయలేదని మరిది వీరభద్రరావు పట్టుబట్టాడు. పెద్దమనుషులు కూర్చుని ఒక తీర్మానం చేశారు. వచ్చే ఉగాదిలోగా ఆవిడ ఆ తోట మీద తన బతుకు తాను బతకగలనని చూపించుకోవాలి. లేకపోతే తోట మరిది అజమాయిషీకి వెళుతుంది, ఆవిడ బాపులపాడులో అన్నగారింటికి వెళ్లాలి. మా అనుమతి కాగితం లేనిదే పంచాయతీ వాళ్లు పునాది తియ్యనివ్వరు. ఇదంతా ఆవిడ మొదటి రోజే దాచుకోకుండా చెప్పేశారు.

"మా అన్నయ్య మంచోడేనండి," అన్నారు. "మా వదినా మంచిదే. కానీ రోజూ ఒకళ్లు వడ్డిస్తే తినడం, వాళ్లు లైటు తీసేస్తే పడుకోవడం... ఇంజనీరు గారూ, నా వల్ల కాదండి."

నాకా ఇరవై అయిదేళ్లు. ఏం చెప్పాలో తెలియక, రోడ్డు సూటిగానే ఉందండి, ఇబ్బంది ఉండకపోవచ్చు అన్నాను. నిజంగానే అక్కడ రోడ్డు తాడు లాగినట్టు ఉంది. చారల కర్ర పట్టుకున్న కూలీ ఎంత దూరం పోయినా కనపడుతూనే ఉన్నాడు.

లెక్క పూర్తయ్యేదాకా తోటలోనే మకాం వేశాను. ఆ వారం నా జీవితంలో కలగన్న వారమో మేలుకున్న వారమో ఇప్పటికీ నిశ్చయంగా చెప్పలేను. రసాలు పండే కాలం. గాలి పీలిస్తే చాలు, తిన్నట్టే ఉండేది. పొద్దెక్కాక ఎండ ఆకుల్లోంచి జల్లించినట్టు పడి, నేల మీద నెమ్మదిగా జరుగుతుండేది. కోసిన కాయలు వరిగడ్డి మీద పరిచి ఉండేవి, వాటి పక్కనే కూలీలు తువ్వాళ్లు మొహాన వేసుకుని పడుకునేవాళ్లు, వాళ్ల పక్కన కుక్క. పడమటి గాలి మొదలైతే కొమ్మలన్నీ ఒకేసారి కదిలి, ఎవరో పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలినట్టు చప్పుడయ్యేది. బెజవాడ వాళ్లు డబ్బులిచ్చి వస్తారన్న మాటకి మూడో రోజు నుంచి నాకు నవ్వు రాలేదు.

మొదటి రోజు తెల్లవారుజామున ఎడ్ల గంటల చప్పుడుకి మెలకువ వచ్చి, గేటు పెట్టబోయే చోటికి, తోటలోకి పాత బండిదారి తిరిగే దగ్గరికి వెళ్లాను. ఇంకా మసక చీకటి. చింతలపూడి వైపు తోటల్లో పొద్దుగూకాక గంపలు ఎత్తుకున్న బండ్లు వరసగా రైల్వే స్టేషనుకి పోతున్నాయి. ప్రతి బండికీ వెనక ఒక లాంతరు వేలాడుతోంది. ముందు బండి మీద ఒక్క మనిషి కూర్చుని ఎడ్లని అదిలిస్తున్నాడు. వెనక బండ్లన్నిటిలోనూ బండివాళ్లు గంపల మధ్య గడ్డిలో ఒదిగి నిద్రపోతున్నారు. ఎడ్లు మాత్రం తమ ముందున్న బండి లాంతరుని చూసుకుంటూ, అడుగు తప్పకుండా పోతున్నాయి. అది వాళ్ల ఆనవాయితీ. ఒకరోజు ఒకడు ముందు బండి తోలతాడు, మిగతావాళ్లు నిద్రపోతారు, మర్నాడు వంతు మారుతుంది. పగలంతా కాయ కోసి, రాత్రంతా బండి తోలితే మనిషి ఉంటాడా మరి. ఎవరూ ఏమీ మాట్లాడకుండా, అన్ని టన్నుల మామిడిపండు వాసన నా ముందు నుంచి దాటిపోయింది. నేను లెక్క మరిచిపోయి నిలబడ్డాను. పక్కనున్న మా లెక్కల మనిషి మాత్రం గీతలు గీసుకున్నాడు.

అక్కడ తప్పేమీ నాకు తోచలేదు. అందంగా ఉందనుకున్నానంతే.

లెక్క ముగిసే ముందు రోజు వీరభద్రరావు కారేసుకుని తెల్లవారకుండానే వచ్చాడు. వదినగారు నన్ను ఎక్కడ మంచి చేసుకుంటుందోనని ఆయన అనుమానం. సరిగ్గా అప్పుడే బండ్ల వరస ఆ బండిదారి ముందు నుంచి పోతోంది. ఆయన ఆగలేదు. రెండు బండ్ల మధ్య సందు చూసి కారు దూర్చి, నెమ్మదిగా కొంత దూరం వాటితోపాటే వచ్చి, బండిదారిలోకి తిప్పాడు. కారు వెనక ఎర్ర దీపం వెలుగుతోంది. దాని వెనకనున్న ఎడ్లకి ముందు పోయే దీపమే దారి. అవీ తిరిగాయి. వాటి వెనకవీ తిరిగాయి. నేను చూస్తూండగానే సగం వరస తోటలోకి వచ్చేసింది.

కారు తోటలో సుభద్రమ్మ గారి ఇంటి ముందు ఆగింది, బండ్లు ఆగాయి. వీరభద్రరావు దిగి వెనక్కి చూసి బిక్కచచ్చిపోయాడు. చెట్ల కింద బండి వెనక బండి, లాంతర్లు వెలుగుతూ, ఒక్క బండివాడికీ మెలకువ లేదు. ఒకాయన గడ్డిలో పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకున్నాడు. సుభద్రమ్మ గారు అరుగు దిగి వచ్చారు, ఒక్కొక్క బండిలోకీ తొంగి చూశారు. మరిది కేకెయ్యబోతుంటే చెయ్యెత్తి ఆపారు. "ఉలిక్కిపడతారు వీరభద్రం. మెల్లిగా లేపు," అన్నారు.

ఈలోగా రోడ్డు మీద ముందు బండి తోలుతున్న కోటయ్య, వెనక గంటల చప్పుడు తగ్గిందని గ్రహించి, బండి ఆపి నడిచి వచ్చాడు. తోటలో సంగతి చూసి, తలపాగా తీసి నెత్తి గోక్కున్నాడు. "ఎక్కడికొచ్చార్రా మీరంతా, పెళ్లి విడిదికా," అన్నాడు. బండివాళ్లు ఒక్కొక్కళ్లే లేచి, పైన మామిడికొమ్మలు చూసి, ఇంకా తాము కాయ కోసిన తోటలోనే ఉన్నామనుకుని కంగారుపడ్డారు. ఒకాయన రాత్రంతా బండి కదల్లేదా అని అడిగాడు. అందరూ నవ్వుకుంటుండగానే, కాయ ఎక్కించాల్సిన రైలు సంగతి వాళ్లకి గుర్తొచ్చింది. చెట్ల మధ్య బండ్లు తిప్పడం మాటలు కాదు. ఇరుసులు మాన్లకి రాసుకుని బెరడు లేచిపోయింది. అప్పటికి నాకు నవ్వు పోయింది. ఆ బండ్లు రోడ్డు మీంచి తిరిగేటప్పుడు ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహకి అందుతూనే ఉంది.

వీరభద్రరావు నా దగ్గరికి వచ్చి, "చూశారుగా మీరే. ఇదే రాయండి. గేటు పనికిరాదని రాయండి," అన్నాడు. వరసలో కారు దూర్చిన పెద్దమనిషి ఆయనే. అది ఆయన మొహం మీదే అన్నాను. "నేను కాకపోతే బెజవాడ నుంచొచ్చే ఇంకొకడు దూరుస్తాడు, వాడికి ఈ బండ్ల సంగతి తెలుసా?" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా చూపు దూరాలన్నీ తెరిచిన కళ్లకి కట్టిన లెక్కలు. ఆ రోడ్డు మీద తెల్లవారుజామున తెరుచుకుని ఉన్నవి రెండే కళ్లు, అవీ వరస మొదట్లో ఉన్నాయి.

సుభద్రమ్మ గారు నా వైపు చూస్తూ నిలబడ్డారు. గేటు ఇక్కడ పెడితే నేను సంతకం పెట్టలేనండి అని చెప్పాను. చెప్పినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆవిడ లోపలికి వెళ్లి బండివాళ్లకి మజ్జిగ పంపించారు.

ఊరికే కూర్చోలేక నేను బండ్ల వెంట నడిచాను. తోట దాటి కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ఎడ్లకి నీళ్ల తొట్టి ఉంది. అక్కడ కోటయ్య కేకేస్తే అందరూ దిగారు. రోజూ అక్కడ దిగుతారట. ఎడ్లకి నీళ్లు పెట్టి, మొహాలు కడుక్కుని, అక్కడి నుంచి స్టేషను దాకా అందరూ మేలుకునే పోతారు. ఆ తొట్టి దగ్గరే ఒక డొంక రోడ్డులో కలుస్తుంది. డొంకంటే పొలాల మధ్య బండ్లు నడిచే సర్కారు బాట. దాన్ని పట్టుకుని వెనక్కి నడిస్తే సుభద్రమ్మ గారి తోట వెనక భాగానికి వచ్చాను. గేటు అక్కడ పెట్టి, కార్లు డొంకలోంచి తొట్టి దగ్గర రోడ్డెక్కితే, వరసలో ప్రతి బండివాడూ లేచి నిలబడి ఉండే చోట ఎక్కుతాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒకటే చిక్కు. డొంక ఇరుకు. ఎదురెదురుగా రెండు బండ్లు రాలేవు. ఒక పక్కకి వెడల్పు చెయ్యాలి. అటు పక్క వీరభద్రరావు భాగం, జానెడు నేల ఇవ్వనన్నాడు. ఇటు పక్క ఆవిడ తోటలో చివరి వరస, చిన్న రసాల అంటు చెట్లు. భర్త దగ్గరుండి కట్టించిన అంట్లు. కాపు బాగా పట్టిన వయసు వాటిది. ఆ వరసంతా పోవాలి.

సంగతి చెప్పేటప్పుడు నేను నేల చూపులు చూశాను. మరిది కూడా అక్కడే ఉన్నాడు, ఆవిడ ఒప్పుకోదని ధీమాగా. సుభద్రమ్మ గారు ఆ వరస వెంట చివరిదాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చారు.

"కోత అయ్యేదాకా ఆగొచ్చా అండి?" అని అడిగారు.

ఆగొచ్చన్నాను. అంతకంటే మంచి గేటు లేదు గదా అని మళ్లీ అడిగారు. లేదన్నాను. "అయితే కొట్టించండి," అన్నారు. "అవి అన్నయ్య చెట్లు వదినా," అన్నాడు వీరభద్రరావు. "మీ అన్నయ్య చెట్లని నాకు తెలీదా? ఆ బండ్లలో పడుకున్నోళ్లు ఎవరో ఒకరి కొడుకులు, మొగుళ్లు గదా. వాళ్లకేమన్నా అయితే, ఈ చెట్ల కింద నాకు నిద్ర పట్టుద్దా?" అన్నారు.

ఆషాఢంలో నేను వెళ్లి సున్నంతో గీత వేయించాను. గొడ్డళ్ల వాళ్లకి ఏ చెట్టు ముందు, ఏది తర్వాత అన్నది ఆవిడే చూపించారు. సాయంత్రానికి అక్కడ నీడ లేదు, ఎండ సూటిగా నేల మీద పడింది. ఆవిడ ఏడవలేదు, రెండు రోజులు అన్నం తినలేదని తర్వాత తెలిసింది. రిపోర్టులో గేటు చోటు, డొంక వెడల్పు, తొట్టి దగ్గర కలిసే కోణం అన్నీ రాశాను. మా ఏ.ఈ. గారు చదివి మారు మాట లేకుండా పైకి పంపారు. ఉగాదికి ముందే నాలుగు గదులు లేచాయి, పెద్దమనుషులు వచ్చి చూసి వెళ్లారు. ఆవిడ బాపులపాడు వెళ్లలేదు.

తర్వాత నా సర్వీసులో ఇలాంటి అనుమతులు చాలా చూశాను. ఈ ఒక్కటి నాకు నేర్పింది చెబుతాను. దారి అడిగేవాళ్లు వచ్చి మన ఎదురుగా కూర్చుంటారు, వాళ్ల అవసరం మనకి తెలుస్తుంది. అప్పటికే ఆ దారిన నిద్రపోతూ పోయేవాడు మన ఆఫీసుకి రాడు, అర్జీ పెట్టడు. ఇంజనీరు అతని తరఫున కూడా చూసి రాయాలి. అలా చూసినందుకు అయ్యే ఖర్చు ఇంజనీరు మీద పడదు. ఆ తోటలో అది ఒక వరస చెట్లయింది. కట్టింది సుభద్రమ్మ గారు.