స్పీకర్లో పడ్డ నా మాట

పటమటలో మా ఫ్లాట్‌లో భోజనాల బల్లే మా కోడలి ఆఫీసు. ఆ పక్కనే కూర్చుని నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, కంప్యూటర్ పని నాకేం తెలుస్తుంది? కానీ వినగా వినగా ఒకటి అర్థమైంది. కొత్తవాళ్ళు రాసిన కోడ్‌ని ముందు మా కోడలు చూసి సరే అనాలి. అప్పుడే అది లోపలికి పోతుంది. దాన్ని రివ్యూ అంటారు.

గన్నవరంలో ఇంటి నుంచి పనిచేసే ఒకమ్మాయి కోడ్ అప్పటికే వెనక్కి పోయింది. "ఈసారీ బాలేదంటే మానేస్తానక్కా, నా వల్ల కాదు" అని ముందురోజే ఏడ్చిందట. కోడలే నాకు చెప్పింది. అంటే, అంతా తెలిసుండి చేశాను నేను.

ఆ రోజు ఇయర్‌ఫోన్లు చార్జింగ్‌లో ఉన్నాయని కోడలు ఆ అమ్మాయితో స్పీకర్లో మాట్లాడుతోంది.

"పేర్లు చక్కగా పెట్టావు, చదువుతుంటే హాయిగా ఉంది. ఒక్కటే అడుగుతా. కస్టమర్ ఫోన్ నంబర్ రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది?"

"అయ్యో, ప్రోగ్రామే ఆగిపోతుందక్కా. మొన్న మీరు చెప్పిందే. మళ్ళీ మర్చిపోయా."

"ఫర్లేదు, ఇప్పుడు నువ్వే పట్టుకున్నావుగా."

అంత నెమ్మది నాకు నచ్చలేదు. "ఇంకా ఎన్నిసార్లు చెబుతావే తల్లీ? ఆ పిల్లవి కళ్ళా, చింతగింజలా? మా మగ్గాలింట్లో అయితే తప్పు నేసిన గుడ్డని తీసుకెళ్ళి నడివీధిలో ఆరేసేవాళ్ళం!" అన్నాను. వాళ్ళ మాట నాకు వినపడుతోందంటే నా మాటా వాళ్ళకి వినపడుతుందని తోచలేదు.

కోడలు చెయ్యెత్తి ఆపబోయింది కానీ అప్పటికే అయిపోయింది. "సరిచేసి పంపిస్తానండీ" అంది ఆ పిల్ల. అప్పటిదాకా అక్కా అన్న నోరు అండీ అంది. కాల్ పెట్టేసింది.

"మీ ఇంట్లో నిజంగా అలా ఆరేసేవాళ్ళా అత్తయ్యా?" అని అడిగింది కోడలు.

లేదు. పెడనలో మా అత్తవారింట నేను నేసిన మొదటి చీరలో, పోగు తెగింది చూసుకోకుండా జానెడు మేర నేసుకుపోయాను. మామగారు చీర వెలుతురుకి పట్టి చూశారు. తప్పున్న చోట అంచుకి ఎర్రదారం ముడేసి, మడిచి నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో ఎవరి నేత అయినా ఆయన చూసే పద్ధతి అదే. మా అత్తగారికి కూడా తెలియలేదు. నడివీధి మాట నేను అప్పటికప్పుడు కల్పించింది.

"లేదమ్మా" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం నేనే ఆ అమ్మాయికి ఫోన్ కలిపి ఇమ్మన్నాను. "తప్పు మాట అన్నానమ్మా. నన్ను మా ఇంట్లో ఎవరూ అలా అనలేదు" అని చెప్పాను.

"అయ్యో, పెద్దవారు, అలా అనకండి మామ్మగారూ. మీరన్నది నిజమే కదండీ!"

నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ పిల్ల మానలేదు. కోడ్ కూడా లోపలికి వెళ్ళింది. కానీ ఇప్పటికీ స్పీకర్లో కాల్ మొదలవగానే "మామ్మగారు ఉన్నారా అక్కా?" అని అడుగుతుంది. ప్రేమగానే అడుగుతోందని కోడలంటుంది. ఉన్నారని చెప్పిన రోజున ఆ గొంతు తగ్గిపోవడం నేను విన్నాను. అందుకే ఆ పలకరింపు వినగానే చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాను. "లేరు, చెప్పు" అంటుంది కోడలు.