తెరేసమ్మగారింట్లోకి పిల్లి వచ్చిన వైనం

ఉయ్యూరులో మా వీధి చివరి ఇంట్లో సగం తెరేసమ్మగారిది, సగం ఆవిడ ఆడబిడ్డ మాణిక్యంగారిది. ఒకే వసారా, ఒకే స్నానాలగది, పొయ్యిలు మాత్రం రెండు. తెరేసమ్మగారికి అరవై నాలుగేళ్లు, జాకెట్లు కుడతారు. మాణిక్యంగారు నాలుగేళ్లు చిన్న. పెళ్లి కాలేదు, హాస్టల్లో వంట చేసి రిటైరయ్యారు. తెరేసమ్మగారి భర్త సంజీవరావుగారు పోతూ ఇల్లు ఇద్దరికీ చెరిసగం రాసిపోయారు. ఆ తర్వాత ఏడేళ్లుగా వదినామరదళ్లు ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడింది లేదు. చెప్పక తప్పని మాట ఏదైనా ఉంటే గోడవైపు తిరిగి చెప్పేవారు.

కిందటేడు చెరుకు నరుకుడు మొదలవగానే పొలాల్లోని ఎలుకలన్నీ ఇళ్లమీద పడ్డాయి. తెరేసమ్మగారు ఓ పెళ్లికూతురికి కుట్టిన పట్టు జాకెట్టు చెయ్యి కొరికేశాయి. ఆ పిల్ల తల్లి వీధిలో నిలబడి తిట్టిపోసింది. ఆ సాయంత్రమే తెరేసమ్మగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేను పశువుల ఆసుపత్రిలో అటెండర్ని. మా షెడ్డులో పిల్లి పిల్లల్ని పెట్టిందని ఆవిడకు తెలుసు. రెండు నెలలు నిండాక ఇస్తానని, ఈలోగా ఇల్లు సిద్ధం చెయ్యమని చెప్పాను.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక చూడ్డానికి వెళ్లాను. మిషను కింద దారాలు, గుండుసూదులు ఎక్కడివక్కడే ఉన్నాయి. దారం మింగితే పేగులు మెలిపడి పిల్లి చచ్చిపోతుందన్నాను. ఆవిడ అన్నీ ఏరి స్టీలు డబ్బాల్లో పెట్టేశారు. కిటికీకి జాలీ కొట్టించారు. నీళ్ల డ్రమ్ముకు మూత వేశారు. అట్టపెట్టెలో పాత చీర పరిచారు. ఒక తొట్టిలో ఇసుక పోసి స్నానాలగది మూలన పెట్టారు. మర్నాటికి ఆ ఇసుక మురుక్కాలవలో ఉంది. తాను స్నానం చేసే చోట పిల్లి దొడ్డికెళ్లడమేమిటని మాణిక్యంగారు గోడకు చెప్పారట.

అసలు చిక్కు ఎలుకల మందు. మాణిక్యంగారు వసారాలో, బియ్యం డబ్బా పక్కన నీలం బిళ్ళలు పెట్టారు. అవి ఉండగా పిల్లిని ఇవ్వనన్నాను. మందు తిన్న ఎలుకను తిన్నా ప్రమాదమే. తెరేసమ్మగారు వాటిని తీసి పారేశారు. తెల్లారేసరికి మళ్లీ కొత్తవి. వారం రోజులు ఇదే తంతు. చివరికి నేనే మాణిక్యంగారి దగ్గరికెళ్లాను.

ఆవిడ బియ్యం ఏరుతున్నారు. చేట పక్కన పెట్టి, ఎప్పుడూ ఎత్తని సంగతి ఎత్తారు. ఇరవయ్యారేళ్లప్పుడు ఆటోనగర్ మెకానిక్ ఒకతనితో సంబంధం కుదిరిందట. తాంబూలాలు కూడా పుచ్చుకున్నాక, పిల్లకు మూర్ఛలున్నాయట కదా అని అటువాళ్లు వెనక్కి తగ్గారట. ఆ తర్వాత ఇంకే సంబంధమూ గడప దాకా రాలేదు.

"నేను ఒక్కసారి కూడా పడిపోలేదు శాలినీ. ఆ మాట వాళ్ల చెవిలో వేసిందెవరో నాకు తెలుసు. తన నోటితో చెప్పమను, నీ ఎదురుగా చెప్పమను. ఆ రోజే మందు తీసేస్తా."

ఈ కబురు మోసుకెళ్తే తెరేసమ్మగారు నవ్వి, దానికి మతిపోయిందన్నారు. వసారాకు అడ్డంగా ఇనప జాలీ కట్టించబోయారు. వసారాలో తన వాటా ఉందని మాణిక్యంగారు పనివాణ్ణి గుమ్మంలోంచే పంపేశారు. తలుపు కింద సందుకు చెక్క కొట్టించినా లాభం లేకపోయింది. స్నానాలగదికి వెళ్లాలంటే తలుపు తీసి వసారా దాటాల్సిందే, తీసినప్పుడల్లా పిల్లి వెంట వస్తుంది.

ఈలోగా తెరేసమ్మగారు రోజూ సాయంత్రం షెడ్డుకొచ్చి పిల్లిని చూసుకుంటూ ఉండేవారు. తెల్లపాదాల బూడిదరంగు కూన. ఆవిడ కూర్చోగానే చీర కుచ్చిళ్లు పట్టుకుని ఒళ్లోకి పాకేది. ఒకరోజు, కంకిపాడు వాళ్లెవరో దాన్ని అడుగుతున్నారని చెప్పాను. నిజంగానే అడిగారు. ఆవిడ కూనను ఒళ్లోంచి దించి లేచి వెళ్లిపోయారు.

శనివారం మధ్యాహ్నం నన్ను పిలిపించారు. మాణిక్యంగారు వసారాలో ఉన్నారు. తెరేసమ్మగారు గుమ్మం దాటకుండా, ఏడేళ్లలో మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసి అన్నారు.

"మూర్ఛలని చెప్పింది నేనే."

"ఎందుకు చెప్పావు?"

"మీ అమ్మ పక్షవాతంతో మంచాన పడుంది. నువ్వు వెళ్లిపోతే ఆవిడ ఒళ్లు కడగాల్సింది నేనొక్కదాన్నే."

 మాణిక్యంగారు వంగి బిళ్ళలన్నీ ఏరి, పేపర్లో మూటకట్టి నా చేతికిచ్చి, లోతుగా పాతిపెట్టమన్నారు. వదినవైపు తిరిగారు.

"అన్నమాట ప్రకారం తీశాను. ఇక నువ్వు చచ్చినా నీ శవం దగ్గరికి రాను."

మర్నాడు పిల్లిని తెచ్చిచ్చాను. రెండు వారాల్లో ఎలుకల సద్దు తగ్గింది. మాణిక్యంగారు మాత్రం చర్చిలో కనిపించిన ప్రతివాళ్లకూ వదిన ఒప్పుకున్న మాట చెప్పారు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. నాలుగైదు ఇళ్లవాళ్లు తెరేసమ్మగారికి బట్టలివ్వడం మానేశారు. ఆవిడ కాదనలేదు, ఏడవలేదు, క్షమాపణ కూడా అడగలేదు. పిల్లి అటువైపు వెళ్తే మాణిక్యంగారు దాన్ని తోలరు, చూడరు. తలుపేసుకుంటారు.

మొన్న పిల్లికి టీకా వెయ్యడానికి వెళ్లినప్పుడు తెరేసమ్మగారు దాని చెవులు నిమురుతూ అన్నారు, "బుద్ధొచ్చి ఒప్పుకున్నాననుకుంటుందేమో మాణిక్యం. పిల్లి కోసమే ఒప్పుకున్నానని దానికి చెప్పు శాలినీ."

వాళ్లిద్దరి మధ్యా చాలా కబుర్లు మోశాను. ఇది మాత్రం మొయ్యలేదు.