కూర్చొని చెప్పవలసిన మాట

ప్రతి శనివారం సాయంత్రం ఆరు గంటలకు హనుమకొండలోని మా ఇంట్లో, టీవీలో ఆసుపత్రి సీరియల్ వస్తుంది. అత్తగారూ నేనూ తప్పకుండా చూస్తాం. చూసిన ప్రతి భాగానికీ డైరీలో తేదీ వేసి పదికి మార్కులు రాయడం నా అలవాటు. రోగి ఎవరో, అతనికేం కావాలో మొదటి విరామంలోపు తెలిస్తే నాలుగు. జబ్బు పేరు అర్థం కాకపోయినా, డాక్టరు దేనికి భయపడుతున్నాడో అర్థమైతే మూడు. కథ చాలక చివర్లో ఇంకో ప్రమాదాన్ని తెచ్చిపెట్టకపోతే రెండు. వైద్యం సరిగ్గా చూపితే ఒకటి.

మరిపెడ దగ్గరి పల్లెలో పుట్టిపెరిగిన అత్తగారికి ఈ లెక్క నచ్చదు.

“గుండె నొక్కేటప్పుడు మోచేతులు వంచకూడదు, ఈ డాక్టరు వంచుతున్నాడు చూడండి, అత్తమ్మా,” అన్నానొకసారి.

“నీ మోచేతుల లొల్లి పాడుగాను! నిలవడి చెప్తాండు, అది సూడు. మంచం పక్కన కూసుంటే ఆయన సొమ్మేం పోతది?”

ఆమె కొలత అదొక్కటే. డాక్టరు రోగి పక్కన కూర్చొని చెబితే భాగం బాగున్నట్టు, లేకపోతే లేనట్టు.

ఈ నెల మొదట్లో ఆమె కడుపునొప్పికి స్కానింగ్ తీయించాం. పేగులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేయాలనీ, అది ఎలాంటి గడ్డో తీసి పరీక్షిస్తేనే తెలుస్తుందనీ డాక్టరు మావారిని వరండాలోకి పిలిచి చెప్పారు. అత్తగారికి మాత్రం గ్యాస్ అన్నాం. పెద్దవాళ్ళకు జబ్బు పేరు చెబితే ధైర్యం చెడుతుందని మా ఇళ్ళలో భయం. మంగళవారం జరగబోయే ఆపరేషన్‌ను ‘గొట్టం వేసి కడుగుతారు’ అని చెప్పడానికి మావారు మాటలు కూడా సిద్ధం చేసుకున్నారు.

దానికి ముందు శనివారం సీరియల్ కథలో రోగి ఒక బస్సు డ్రైవరు. చూపు పోతోంది. అన్నదమ్ములూ డాక్టరూ తలుపు బయట గుసగుసగా వాదించుకుంటుంటే, అతను లోపల మంచం మీద కళ్ళు మూసుకొని, నీళ్ళ గ్లాసు ఎక్కడుందో చేత్తో తడిమి నేర్చుకుంటున్నాడు. ఇంత మంచి భాగం ఈ మధ్య చూడలేదు. అయినా కుదురుగా కూర్చోలేకపోయాను. మొదటి విరామంలో పొయ్యి చూసివచ్చాను; అది ఆర్పే ఉంది. రెండో విరామంలో మడతపెట్టిన బట్టలనే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

“బయట ఇంతమంది గుసగుసలు,” అన్నారు అత్తగారు. “పోయేటివి ఆయన కండ్లు గదా, ఆయన్ను అడగరేంది?”

మూడో విరామంలో లేవబోతే నా మణికట్టు పట్టుకున్నారు.

“ఎటు పోతానవ్?”

“మీ మందు వేళయింది…”

“నా మందు ఎప్పుడో ఏసుకున్న. దవాఖానకెళ్లి వచ్చిన కాన్నుంచి నువ్వు నా ముందట కూసుంటలేవు. నీ మొగడు గడపల నిలవడి మాట్లాడి పోతాండు. నాకేమైంది బిడ్డా?”

కూర్చున్నాను. పేగు అన్నాను, గడ్డ అన్నాను, మంగళవారం అన్నాను. తెలియనిది తెలియదనే చెప్పాను. అంతలో ప్రకటనలు ముగిసి కథ మొదలైంది. ఆమె రిమోట్ అందుకొని టీవీ ఆపేశారు. చీర కొంగు అంచును చాలాసేపు వేళ్ళ మధ్య నలిపారు.

“కోస్తే బతుకుతనా?”

“సోమవారం డాక్టరును అడుగుదాం, అత్తమ్మా.”

“అడుగుదాం కాదు, నేనడుగుత. కోసుడో వద్దో ఆయన చెప్పినంక నేను చెప్త. నువ్వు మాత్రం ముందుగాల ఆయన్ను కూసోమను.”

డైరీలో ఆ తేదీ పక్కన మార్కులు లేవు. డ్రైవరుకు ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు.

అత్తగారు ఆ మాట అంటుండగానే మావారు వచ్చి గడపలో ఆగారు. టీవీ ఎందుకు ఆపారని అడిగారు. అత్తగారు కుర్చీ వైపు చెయ్యి చూపించారు.

“గట్ల నిలవడితివేందిరా? ఇటొచ్చి కూసో.”