పేరు పలకని కొండ

మా సోషల్ మాస్టారు పోయిన మంగళవారం జమ్మలమడుగులోని తమ ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. సమాధి మీది పూలు వాడిపోకముందే ఆయన మీద ఒక నేరం మోపారు: స్నేహితుణ్ణి కావాలని పేరు పెట్టి పిలిచి, కాచుకున్నవాళ్లకు పట్టించాడట. దానికి జవాబుగానే ఇది రాస్తున్నాను. కాలేజీ వేదికల మీద ఎప్పుడూ గెలవడానికే వాదించాను. ఇక్కడ ఆయన పేరు మచ్చ లేకుండా ఆయనకు దక్కితే చాలు.

ఏటా చలికాలపు శనివారాల్లో మాస్టారు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఊరి పక్క కొండకు తీసుకెళ్లేవారు. మా ఏడు తొమ్మిదిమందిమి. గొర్రెల దోవన ఎక్కడం, శిఖరం మీది బండపై కూర్చుని సద్ది తినడం, వెనకవైపు వాలున దిగి కొండను చుట్టుకుని మళ్లీ తారురోడ్డు చేరడం. అంత కష్టమైన దారి కాదు. పైనుంచి చూస్తే పెన్న ఇసుక తెల్లగా మెలికలు తిరిగి కనిపించేది. దూరాన ప్రొద్దుటూరు మంచులో సగం మునిగి ఉండేది.

బయలుదేరే ముందు రెండు షరతులు. ఎక్కిన దోవన దిగకూడదు. కొండ మీద ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు.

రెండూ ఫ్యాక్షన్ ఏళ్ల నాటి అలవాట్లు. పోయేవాణ్ణి చూసినవాడు తిరుగుదోవలో కాచుకోవచ్చు, అందుకు మొదటిది. కాచుకునేవాళ్లను తరచు పరాయి ఊళ్లనుంచి తెచ్చేవారు. వాళ్లకు మనిషి ముఖం తెలియదు, పేరే తెలుసు, అందుకు రెండోది. ఆ కాలంలో కొండెక్కితే అందరూ మామలే, అందరూ అప్పలే. మాకు మాత్రం మాస్టారు అంకెలు ఇచ్చారు. నేను నాలుగు. తర్వాత బడిలోనూ ఆయనకు నేను నాలుగే. జిల్లా వక్తృత్వ పోటీలో గెలిచి వస్తే, "నాలుగో నెంబరు బాగా కొట్లాడింది" అన్నారు. అంతకు మించిన మెప్పు నాకు ఇంతవరకు దొరకలేదు.

ఆయన సంచిలో ఎప్పుడూ రెండు చీనీకాయలు, అంటే బత్తాయిలు, ఉండేవి. ఒకటి వలిచి మాకు తలా ఒక తొన పెట్టేవారు. రెండోది బండ మీద వదిలేసేవారు. దిగే ముందు మమ్మల్ని లెక్కపెట్టేవారు. తొమ్మిది అయ్యాక, ఇంకో అంకె పలికేంతసేపు ఆగి, ఎక్కిన దోవలో కిందనున్న ఒంటిరాయి వైపు చూసేవారు. అప్పుడుగాని "ఇంక నడవండి" అనేవారు కాదు. చర్చిలో చనిపోయినవారి పేర్లు చదివే రోజున కూడా ఆయన లేచి బయటికి వెళ్లి నిలబడేవారు.

పేరు పెట్టి పిలవకూడదన్న షరతు తప్పింది నేనే. నా స్నేహితురాలు ఒంటిరాయి దగ్గర చెప్పు తెగి వెనకబడింది. శిఖరం మీదినుంచి దాన్ని పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఎదురు బండలకు తగిలి ఆ పేరు రెండుసార్లు తిరిగి వచ్చింది. మాస్టారు నా వైపు తిరిగారు.

"పేరొద్దు పాపా... ఈడ పేరొద్దు."

అప్పుడు ఆ పేరు మూడోసారి వచ్చింది. నెమ్మదిగా, కింది నుంచి. అది ప్రతిధ్వని అని ఈనాటికీ వాదిస్తాను. కానీ ప్రతిధ్వని పిలిచిన గొంతుతోనే కదా తిరిగి రావాలి?

స్నేహితురాలు క్షేమంగా పైకి వచ్చింది. మిగతావాళ్లను ముందు నడవమని చెప్పి మాస్టారు నన్ను ఆపారు.

"నాకొక స్నేహితుడుండె. ఆయప్పది పులివెందుల. చీనీతోట ఉండె. వాళ్లన్న ఒక పార్టీలో తిరుగుతాండె. నేను ట్రైనింగు ముగించుకోని దూరంనుంచి ఊరికొచ్చి వారం గూడా కాలా. ఈడి అలవాట్లు మరిచిపోయినా. కొండ మీద కలుద్దామనుకోని నేను ముందెక్కినా. ఆయప్ప ఆ రాయికాడ అగుపడినాడు. శానా రోజులైంది చూసి. సంతోషం పట్టలేక పేరు పెట్టి అరిచినా. 'వస్తాండాలే మామా' అన్న్యాడు. అంతే. రాళ్లెనక నుంచి లేసినారు."

"వాళ్లెవరో చూశారా సార్?"

"మొగాలకు గుడ్డలు. పోలీసులకు అదే చెప్పినా. నేను పిలిచిన సంగతి మాత్రం చెప్పలా. వాళ్లమ్మకు గూడా చెప్పలేకపోయినా. నీకే చెప్తాండా."

"నాకెందుకు సార్?"

"నువ్వూ అరిచినావు గనక."

దాచడం తప్పే. ఆ తల్లి నిజం తెలియకుండానే పోయింది. దాన్ని నేను సమర్థించను. కానీ కావాలని పిలిచినవాడు ముప్పై ఏళ్లపాటు అదే కొండకు పోయి, ఒక అంకె కోసం ఆగడు.

మాస్టారి అంత్యక్రియల రోజున సమాధుల దొడ్డి గేటు దగ్గర పార్టీ కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి నాతో అన్నాడు: "నీకేం తెలుసు పాపా? మీ సారు పిలిచినందుకే ఆయప్ప పోయినాడు. కావాలనే పిలిచినాడు."

"మీకెవరు చెప్పినారు మామా?"

"అందరూ అనుకుంటాండారు."

"అందరూ అంటే ఎవరు?"

"శానా మాట్లాడతాండావే! కాలేజీలో ఇదేనా నేర్పించేది?" కండువా సర్దుకుని జీపెక్కాడు.

ఆ క్షణాన నాకు తట్టనిది మర్నాటికి తట్టింది. ఆ పిలుపు విన్నది ఎవరు? పిలిచిన మాస్టారు నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పలికిన స్నేహితుడు ఆ రాయి దాటలేదు. నేను ఇవాళ్టి దాకా నోరు విప్పలేదు. ఇక మిగిలింది రాళ్ల వెనక కూర్చున్నవాళ్లే.

మొన్న ఆదివారం ఆయన పాత విద్యార్థులం ఆరుగురం ఆ కొండెక్కాం. బండ మీద ఈసారి రెండు చీనీకాయలు పెట్టాం. నేను లెక్కపెట్టాను. ఆరు అయ్యాక, రెండు అంకెలు పలికేంతసేపు ఆగాను. గాలి లేదు. చదునైన ఆ బండ మీదినుంచి ఒక కాయ కదిలింది. దొర్లుకుంటూ దిగి, ఒంటిరాయి పక్కన ఆగింది. వెనకవైపు దోవన దిగి వచ్చాం.

మాస్టారిని తప్పుపడుతున్న పెద్దలారా, మీలో ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ఇంకొకరు చెప్పే ఉంటారు. ఆ ఇంకొకరి పేరు చెప్పండి. గొంతు తగ్గించకుండా, నలుగురూ వినేట్టు, పేరు పెట్టి చెప్పండి.