ఉప్పు వేసిన ఆదివారం

అల్లూరులో నేను పంతొమ్మిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు రసాయన బంధాలు చెబుతున్నాను. నిజం ఒప్పుకోవాలంటే, అవి నాకు అర్థమైంది మాత్రం పోయిన ఆదివారం మధ్యాహ్నం, మా వీధి చివర రెజీనా అక్వేరియం కొట్టులో. ఆ సంబరం ఇంకా దిగలేదు. అందుకే రాస్తున్నాను.

రెజీనా నా పాత విద్యార్థిని. క్లాసులో ఊరుకునే రకం కాదు. “సార్, ఉప్పులో బంధం అంత గట్టిదంటారే, మరి నీళ్లలో వేస్తే ఎట్ట కరిగిపోతాది?” అని అడిగిందొకసారి. “అది పరీక్షకు రాదు, కూర్చోమ్మా,” అన్నాను. ఎంతటి ఘనుణ్ణో చూడండి! ఆ తర్వాత ఆమె రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబులో నాలుగేళ్లు పనిచేసి, సొంతంగా ఈ కొట్టు పెట్టుకుంది. ఇక్కడ బేరం కంటే ముందు పాఠం ఉంటుంది. బీచిలో ఏరుకొచ్చిన గవ్వలు తొట్టెలో వేస్తామన్నవాళ్లను నిలబెట్టి, గవ్వంటే సున్నమేనని, అది కొంచెం కొంచెం కరిగి నీళ్ల గుణం మార్చేస్తుందని చెప్పిగాని వదలదు.

ఆమె ప్రాణమంతా ఒక ఒరాండా గోల్డ్ ఫిష్ జంట మీద ఉంది. తలమీద ఎర్రటి కుచ్చు టోపీ పెట్టుకున్నట్టుండే చేపలవి. గోరంత పిల్లలుగా తెచ్చి మూడేళ్లు పెంచింది. ఆడదానికి గుడ్లు నిండి పొట్ట ఉబ్బింది. మద్రాసు నుంచి ప్యాకెట్లలో తెప్పించుకోవడం మాని, అల్లూరులోనే పుట్టిన చేపల్ని అమ్మాలని ఆమె పంతం.

ఆ ఆదివారం ఆమె చర్చికి వెళ్తూ సమాధానం అనే తన తండ్రిని కొట్లో కూర్చోబెట్టింది. ఆయన రొయ్యల గుంటల మీద ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. ఆ జంట ఉన్న తొట్టెలో జియోలైట్ సంచి వేలాడదీసింది కూడా ఆయనే. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను పట్టుకునే రాయి అది. గుంటల్లో బస్తాలకొద్దీ చల్లుతారు. రెండు నెలలుగా తొట్టెలో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అయితే ఆ పొద్దున మగచేప మొప్పల మీద తెల్లచుక్కలు కనిపించాయి. జబ్బనుకున్నాడు. చేపకు జబ్బంటే ఉప్పే మందు. గుంటల మీద బతికిన చెయ్యి కదా, నాలుగు గుప్పిళ్లు వేశాడు.

నేను మేత కొనడానికి వెళ్లేసరికి రెండు చేపలూ నీటిపైకొచ్చి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. అప్పుడే చర్చి నుంచి వచ్చిన రెజీనా బైబిలు బల్లమీద పెట్టి, చిన్న సీసాలో తొట్టె నీళ్లు పట్టి అమ్మోనియా పరీక్ష మందు చుక్కలు వేసింది. పసుపుగా ఉండాల్సిన నీళ్లు ముదురు ఆకుపచ్చకు తిరిగాయి.

“అమ్మోనియా! పొద్దున చూస్తే సున్నా ఉండింది!”

“ఉప్పు తప్ప ఏం వెయ్యలేదమ్మా,” అన్నాడు సమాధానం. “ఇంకో సంచి జియోలైట్ వేస్తా ఉండు.”

నేనూ ఊరుకోలేదు. “ఉప్పులో ఏముంది రెజీనా? సోడియంది ధనావేశం, క్లోరైడ్‌ది ఋణావేశం. నీళ్లలో పడితే విడిపోతాయి. అంతే!” అని పాఠం అప్పజెప్పాను.

ఆమె నావైపు తిరిగింది. “విడిపోయి యాడికి పోతాయి సార్?”

ఆ ప్రశ్నలోనే జవాబు ఆమెకు దొరికింది! “నాయనా, సంచి తియ్యి! బయట పడెయ్యి!” అని అరిచింది.

ముగ్గురం బకెట్లు పట్టుకున్నాం. సగం నీళ్లు తోడేసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు నింపుతూనే ఆమె చెప్పింది. “జియోలైట్ నిండా ఋణావేశం సార్. అమ్మోనియా నీళ్లలో అమ్మోనియంగా మారుతాది, దానిది ధనావేశం. అందుకే పోయి అంటుకుంటాది. నెల్లూరు బస్సులో సీటు దొరికినట్టు. గుప్పిళ్లతో ఉప్పేస్తే లక్షల్లో సోడియం వచ్చి పడింది. దానిదీ ధనావేశమే. గుంపంతా ఎగబడి అమ్మోనియాన్ని సీట్లోంచి లేపేసినాయి. రెండు నెలలది ఒక్కసారే నీళ్లలోకొచ్చేసింది!”

నాకు ఒళ్లు పులకరించిపోయింది. అయానిక బంధం నా కళ్లముందు తోసుకుంటూ, సీటు కోసం కొట్లాడుతూ కనిపించింది! ఇన్నేళ్లూ నేను దాన్ని బోర్డు మీద బంధించి ఉంచాను.

నాలుగు గంటలకు ఆడచేప కిందికి దిగింది. కాసేపటికి మగదీ దిగి దాని వెంట పడింది. రెజీనా తొట్టెకు మొహం ఆనించి ఏడుస్తూనే నవ్వింది. “ఆ చుక్కలు జబ్బు కాదు నాయనా. ఈడొచ్చిన మగచేపకు పెళ్లికళ. రేపోమాపో గుడ్లు పెడతాయి.”

సమాధానం నవ్వలేదు. బయట పడేసిన తడి సంచిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“అమ్మా, మన గుంటలో ఉప్పునీళ్లే గదా. మరి అక్కడ అమ్మోనియాకు సీటు యాడుంటాది?”

“దాదాపు ఉండదు నాయనా. ముందే సోడియం కూర్చోనుంటాది.”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆరేళ్ల కిందట, జియోలైట్ చల్లాల్సిన వారం కోవూరులో పెళ్లికి వెళ్లాడట. తిరిగొచ్చేసరికి అమ్మోనియా పెరిగి గుంట నిండా రొయ్యలు చచ్చి తేలి ఉన్నాయి. నీ వల్లే పోయాయని అందరూ అంటే తలొంచుకుని, ఆ పనే మానేశాడట. ఈ సంగతి ఆయనే చెప్పాడు.

“నేను చల్లుంటే బతికుండేయా?”

“లేదు నాయనా. చల్లినా ఒకటే, చల్లకపోయినా ఒకటే.”

“అయితే వాటిని నేను చంపలేదమ్మా,” అన్నాడు సమాధానం. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు.