పెద్దబండి షాకులు

మొన్న మా మనవడి కారుకి వెనక షాక్ అబ్జార్బర్లు మార్పించాలని నెల్లూరులో ఒక షోరూము వాళ్ల షెడ్డుకి వెళ్లాము. వాడి కారువి ఆ రోజు దొరకలేదు. వేరే రకం కారువి అక్కడే బల్ల మీద ఉన్నాయి, చూడ్డానికి పెద్ద తేడా ఏమీ లేదు, వాటినే బిగించెయ్యరాదా అని మావాడు అడిగాడు. అక్కడి కుర్రవాడు కంప్యూటరు వంక చూసి, కుదరదండీ, రేపు రండి అన్నాడు. మావాడు సరే అని తాళాలు జేబులో వేసుకున్నాడు, అంతే. ఇంత సులువుగా కాదనేసి, కాదనిపించుకుని, ఎవరి దారిన వాళ్లు పోవచ్చని తెలిసేసరికి నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే సహించలేదు.

అరవైల మొదట్లో మా మేనమామకి సూళ్లూరుపేటలో ట్రంకురోడ్డు పక్కనే కార్ల షెడ్డు ఉండేది, నేనూ అప్పటికి చేయి తిరిగిన మెకానిక్కునై ఆయన దగ్గరే పని చేసేవాణ్ణి. మద్రాసుకి ఇవతల, యుద్ధకాలంలో విమానాల కోసం సిమెంటు పలకలు పరిచి వదిలేసిన మైదానంలో ఏటా కార్ల పందేలు జరిగేవి. మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రేసు కారంటే ఎక్కడినుంచో ఊడిపడేది కాదు, పాత కారు పైకప్పు పీకేసి, రేకు తొట్టి బిగించి, ఇంజనుకి నానా చాకిరీ చేసి మన చేతులతో మనం తయారు చేసుకునేదే. పందేల నెల వచ్చిందంటే మా షెడ్డులో నమాజుకి చాప పరుచుకునే చోటు కూడా దొరికేది కాదు, మా అత్త ఆ నూనె గుడ్డలు ఉతకలేక మమ్మల్ని తిట్టిపోసేది.

విడవలూరు వైపు పొలాలున్న అన్నదమ్ములిద్దరు మా దగ్గరికే వచ్చేవారు. అన్నగారిది బరువైన పెద్ద కారు, ఊళ్లు తిరిగేదీ పందెంలో తోలేదీ అదే. తమ్ముడిది చిన్నది, ఏడాదిపాటు మా షెడ్డులో కూర్చుని తన చేత్తో కట్టుకున్నది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది, అన్న విడిచినది ఏదైనా తమ్ముడు కళ్లకద్దుకుని పుచ్చుకోవాలి, వద్దంటే పెద్దవాణ్ణి అవమానించినట్టు. పుస్తకాలు, చొక్కాలు, సైకిలు, చివరికి కళ్లద్దాల చట్రం కూడా అలాగే దిగివచ్చాయి ఆ తమ్ముడికి. మొట్టమొదట తనకంటూ కలిగినది ఆ చిన్న కారే. దాంతో ఒక్కసారి, ఒకే ఒక్కసారి అన్న కంటే ముందు గీత దాటాలని అతని కోరిక. ఆ సంగతి మాకు చెప్పాడు గాని ఇంట్లో చెప్పే ధైర్యం చేయలేదు.

ఆ ఏడు పందేలకి ముందు అన్నగారు మద్రాసు నుంచి కొత్త షాకులు తెప్పించి తన కారుకి వేయించుకున్నాడు. ఊడదీసిన పాతవి తమ్ముడి కారుకి బిగించమన్నాడు. తమ్ముడి కారువి తీసి, తాను పులికాటు సరస్సు వైపు వేటకి కారు వెనక కట్టుకుపోయే కుక్కల ట్రాలీకి బిగించమన్నాడు. మా మామ చేతులు కట్టుకుని నిలబడి, పెద్దబండి షాకు మొండిది, చిన్నబండి స్ప్రింగుకి దాన్ని లొంగదీసే బలం లేదు, గతుకు తగిలినప్పుడల్లా చక్రం కింద ఆనకుండా బండే పైకి ఎగురుతుందని నచ్చచెప్పబోయాడు.

"కుక్కలు కుదుపుకి కక్కుకుంటే నా వేట చెడిపోతాది సాయిబూ. వాడిదేముండాది, మనిషే గదా, ఓర్చుకుంటాడు" అన్నాడాయన.

వెంట వచ్చిన స్నేహితులంతా విరగబడి నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. నా ఒళ్లు మండింది.

వాళ్లు వెళ్లాక, ట్రాలీవి తీసి మళ్లీ నీ కారుకే పెడతాను, ఎవరికీ తెలియదు అని మా మామ తమ్ముణ్ణి బతిమాలాడు. అతను ఒప్పుకోలేదు.

"అన్న ఇచ్చినాక తీసేస్తే ఆయన మాట ఏం గావాల మామా? మెల్లగా తోలుకుంటాలే" అన్నాడు.

మెల్లగా తోలలేదు. ఎలా తోలతాడు? సిమెంటు పలకల అతుకులు వచ్చినప్పుడల్లా కారు కప్పలా గెంతుతున్నా, తేలిక బండి కనుక, మూడో చుట్టుకి అన్న వెనకాలే చేరాడు, ఆ తర్వాత పక్కకి కూడా వచ్చాడు. మలుపులో ఒక అతుకు మీద వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి, బండి అడ్డం తిరిగి, మలుపు గుర్తుకి పేర్చిన నూనె పీపాల మీద బోర్లా పడింది. మేము పరుగెత్తి అతన్ని బయటికి లాగుతుండగా అన్నగారు మళ్లీ చుట్టు తిరిగి వచ్చి, వేగం తగ్గించకుండానే మా పక్కనుంచి పోయాడు. గెలిచాడు. కప్పు పుచ్చుకుని, ఫోటో తీయించుకుని, అప్పుడు తమ్ముడి దగ్గరికి వచ్చాడు.

మద్రాసు ఆసుపత్రి అంత దగ్గరలో ఉన్నా, మా వంశం ఎముకలకి మా ఊరి కట్టువైద్యుడే అన్నాడు. పందెం అయ్యాక అటే వేటకి పోవాలని ట్రాలీలో తెచ్చిన కుక్కల్ని తన కారు వెనక సీటులోకి ఎక్కించి, తుంటి విరిగిన మనిషిని ట్రాలీలో గడ్డి మీద పడుకోబెట్టారు. సూళ్లూరుపేటలో మా షెడ్డు ముందే కారాపి, తెలిసిన వాళ్లకి కప్పు చూపించి, తీరిగ్గా టీ తాగి మరీ బయలుదేరాడు. తుంటి వంకరగా అతుక్కుంది. తమ్ముడు మళ్లీ స్టీరింగు పట్టలేదు, చిన్న కారు పాత ఇనుములోకి పోయింది.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక పెళ్లికి ఆ వైపు వెళ్లి అతన్ని చూశాను. అన్న పంచనే, కర్ర ఊతంతో కాలం గడుపుతున్నాడు. ఎలా ఉన్నావని అడిగాను. తన సంగతి చెప్పలేదు.

"మా అన్న తన కుక్కల్ని దించేసి నన్ను పడుకోబెట్టి తెచ్చినాడబ్బయ్యా, ఒక్క కుదుపు తగల్లా. ఎవురు చేస్తారు అట్ల?" అన్నాడు.

ఆ ట్రాలీకి ఉన్నవి తన కారు షాకులేనని ఆ రోజు షెడ్డులో విన్నవాడే, నవ్వినవాడే. నేను బస్సుకి వేళయిందని లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఆ అన్నా లేడు, తమ్ముడూ లేడు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా షెడ్డూ పోయింది. అన్న పారేసినది ఎందుకు తొడుక్కోవాలని చంటివాడు కూడా అడిగే రోజులివి, అడగాలి కూడా. అలాంటి అన్నలు పోయినందుకు నాకు రవ్వంత దిగులు లేదు. కాని ఒక్క కుదుపు తగల్లా అంటున్నప్పుడు ఆ తమ్ముడి మొహంలో నేను చూసిన ప్రేమ మళ్లీ ఎక్కడా, నా సొంత ఇంట్లో కూడా చూడలేదు. అది పోయినందుకు సంతోషించాలో ఏడవాలో ఈ వయసులోనూ నాకు తెలియడం లేదు.