మంచం ఖాళీ చెయ్యమన్నారు

డయాలసిస్ వార్డులో హెడ్ నర్సుని అందరూ టపాకాయ సిస్టర్ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంటుంది. ఆ పేరు పుణ్యమా అని వార్డులో సగం పనులు నోరు తెరవకుండానే అయిపోతున్నాయి మరి. ఆ నోరు ఇప్పటిది కాదు. చిన్నప్పుడు స్కూల్లో, దగ్గుతున్న పిల్లని హెడ్మాస్టరు వరండాలో కూర్చోబెడితే, "మీకు దగ్గొచ్చినా ఇక్కడే కూర్చుంటారా సార్?" అని అడిగి, ఆ పిల్ల పక్కనే తనూ కూర్చుంది. నోరు అదుపులో పెట్టుకోమని తల్లి చెప్పి చూసింది, నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాలు చెప్పి చూసింది, పెళ్లయ్యాక అత్తగారు చెప్పి చూసింది. ముగ్గురూ చేతులెత్తేశారు.

ఆ వార్డుకి వచ్చేవాళ్లు ఒకసారి వచ్చి నయమై వెళ్లిపోయే రోగులు కారు. కిడ్నీలు పనిచేయక, ఏళ్ల తరబడి, రోజు మార్చి రోజు వచ్చేవాళ్లు. ఒంట్లో రక్తం మిషన్లోకి వెళ్లి శుభ్రపడి తిరిగొచ్చేదాకా గంటల కొద్దీ మంచం మీదే ఉంటారు. అదయ్యాక చేతికున్న సూదులు తీసి, ఆ చోట దూది పెట్టి గట్టిగా నొక్కిపట్టాలి. రక్తం ఆగాక కాసేపు కూర్చోబెట్టి, బీపీ చూసి, అప్పుడు నిలబెట్టాలి. తొందరపడ్డారో, కళ్లు తిరిగి పడిపోతారు.

ఒకరోజు మేనేజరు ఆవిడని మీటింగుకి పిలిచాడు. గదిలో ఏసీ గుయ్యిమంటోంది. ఆసుపత్రివాళ్లు బయటినుంచి తెచ్చుకున్న సలహాదారు, ఇంకా ముప్పై కూడా నిండనివాడు, తెర మీద రంగురంగుల బాణాలు చూపిస్తున్నాడు. దాని సారాంశం ఇదీ: సూదులు తియ్యగానే రోగిని పక్క హాల్లో కుర్చీలోకి మార్చెయ్యాలి. దూది ఎవరిది వాళ్లే పట్టుకోవాలి. మంచం ఖాళీ అవుతుంది, మిషను కడిగి తర్వాతి రోగిని ఎక్కించొచ్చు.

"సోమవారం నుంచి మొదలు. అమలు బాధ్యత మీదే సిస్టర్. మీ పేరే వేశాం" అన్నాడు మేనేజరు, వరమిచ్చినట్టు.

"ఆ హాల్లో ఎవరుంటారు సార్?"

"సెక్యూరిటీ ఉంటాడుగా."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "సెక్యూరిటీ బీపీ చూస్తాడా? అంతా మీరే తేల్చేసుకుని, ఇప్పుడు నా పేరు అతికిస్తారా? ఏమయ్యా," సలహాదారు వైపు తిరిగింది, "ఎప్పుడన్నా మా వార్డు గుమ్మం తొక్కావా?"

అతను తల వంచుకుని లాప్‌టాప్ మూసేశాడు.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు మామూలుగా చప్పుడు చెయ్యలేదు. బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త చెప్పులు విప్పుతూనే వాతావరణం కనిపెట్టాడు.

"వాళ్లు చెప్పినట్టు చేసెయ్. ఏదన్నా అయితే మాట పడేది వాళ్లే కదా" అన్నాడు.

"మాట పడేది వాళ్లు, కింద పడేది మావాళ్లు! నీ బస్సుకి బ్రేకు పీకేసి, పర్లేదు పోనీ అంటే పోనిస్తావా?"

అతను టీవీ ముందుకి జారుకున్నాడు. అత్తగారు మాత్రం కదల్లేదు. గోడకి చేరగిలబడి కోడలి వీరంగమంతా చూసి, "తిట్టడం నీకు కొత్తా? ఏం చెయ్యాలో అది కూడా చెప్పి తిట్టు. లేకపోతే అరుస్తోందిలే అనుకుంటారు" అంది.

మాట చురుక్కుమన్నా, మనసులో నాటుకుంది.

మర్నాడు డ్యూటీ అయ్యాక వార్డువాళ్లని కూర్చోబెట్టింది. చిన్న నర్సు, మిషన్లు చూసే టెక్నీషియను, ఆయా. రోగుల్లోంచి రిటైరైన లెక్కల మాస్టారు, బట్టలు కుట్టే టైలరమ్మ.

చిన్న నర్సు భయపడుతూనే నోరు విప్పింది. "అక్కా, వాళ్ల ప్లానులో ఒకటి మంచిదే. ఒక్కో రోగికి కావల్సిన సామాను ఒక్కో ట్రేలో ముందే సర్దిపెట్టుకోమన్నారు. రోజూ దూది కోసం, ప్లాస్టర్ల కోసం మనం ఎంత తిరుగుతున్నామో చూడండి."

సిస్టర్ మొహం చిట్లించుకుంది. అయినా కాదనలేకపోయింది.

"మమ్మల్ని అడిగారు కాబట్టి చెబుతున్నా" అన్నాడు మాస్టారు. "పొద్దున్నే వచ్చి కూర్చుంటాం. పిలుపెప్పుడో తెలీదు. ఆలస్యమైతే ఒక ఫోను చెయ్యొచ్చుగా తల్లీ? ఇన్నేళ్లలో మీరూ అడగలేదు, వాళ్లూ అడగలేదు."

ఆవిడ ఆ మాట కాగితం మీద రాసుకుంది. సిస్టర్‌తో వదినా అని వరస కలుపుకున్న టైలరమ్మ నవ్వి, "నన్ను మాత్రం హాల్లోకి తొయ్యకు వదినా. నా చేతికి రక్తం తొందరగా ఆగదు, నీకు తెలుసుగా" అంది.

అందరూ కలిసి ఒక దారి ఆలోచించారు. కొత్త పద్ధతిని ముందు కిటికీ వైపు మంచాల వరసలో మాత్రమే మొదలుపెట్టి చూడాలి. ట్రేలు ముందే సర్దాలి. ఆలస్యమైతే రోగికి ఫోను చెయ్యాలి. రక్తం ఆగి, బీపీ చూసేదాకా ఎవరినీ మంచం దింపకూడదు. హాల్లో తప్పనిసరిగా ఒక నర్సు ఉండాలి. సిస్టర్ ఇదంతా మేనేజరుకి చెప్పింది. ఈసారి గొంతు పెంచకుండానే చెప్పింది.

"కొత్త నర్సు కుదరదు. కొంచెం కొంచెంగా అంటే ఏదీ ముందుకు సాగదు" అన్నాడతను.

"అయితే నా పేరు తీసెయ్యండి."

తీసేశారు. ఇంకో సూపర్వైజరు పేరు వేసి, సోమవారం మొదలుపెట్టేశారు.

ఆ పొద్దున సిస్టర్ ఒక రోగికి సూది గుచ్చుతుండగా హాల్లోంచి సెక్యూరిటీ కేక వినిపించింది. సూది పని చిన్న నర్సుకి అప్పగించి పరిగెత్తింది. కొత్త సూపర్వైజరు హాల్లోకి పంపేసిన టైలరమ్మ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయి ఉంది. దూది జారి నేల మీద పడింది. చీర కుచ్చిళ్లు తడిసి ఎర్రగా అయిపోయాయి. సెక్యూరిటీ పాపం ఏం చెయ్యాలో తెలియక ఆమె తల పట్టుకుని నిలబడ్డాడు. సిస్టర్ మోకాళ్ల మీద కూలబడి ఆమె చేతికి సూదులు తీసిన చోటుని రెండు చేతులతో అదిమిపట్టింది. "పడుకోబెట్టండి! కాళ్లు పైకెత్తండి! డాక్టర్ని పిలవండి!" అని అరుస్తూనే, "వదినా, నేనున్నా, కళ్లు తెరువు" అంటూ ఉంది. డాక్టరు వచ్చి సెలైను ఎక్కించాక గానీ ఆమె కళ్లు తెరవలేదు.

రక్తం ఆగింది. సిస్టర్ కోపం ఆగలేదు. నెత్తురంటిన చేతులతో, ఆ మరకల ఏప్రాన్‌తోనే మేనేజరు గదిలోకి వెళ్లి నిలబడింది.

అతను అదిరిపడి, "సిస్టర్, ముందు చేతులు కడుక్కుని రండి" అన్నాడు.

"కడుక్కుంటాను. నాది కడిగితే పోతుంది. మీకు ముందే చెప్పానా లేదా? అది చెప్పండి చాలు."

అతను ఎవరికో అర్జెంటుగా చెయ్యాల్సి ఉన్నట్టు ఫోను అందుకున్నాడు.

వరండాలో సలహాదారు ఎదురయ్యాడు. మొహం పాలిపోయి ఉంది. "నేను తయారుచేసిన ప్లానులో హాల్లో నర్సు ఉంది సిస్టర్. పైవాళ్లు కొట్టేశారు" అన్నాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మరి ఆ రోజు నేను అడిగినప్పుడు నోరెందుకు మెదపలేదు బాబూ? చదువంతా ఆ బాణాల దగ్గరే ఆగిపోయిందా?"

అతను పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు. కానీ ఆ మధ్యాహ్నమే పైవాళ్ల ముందు అదే మాట చెప్పాడని తర్వాత తెలిసింది. చెప్పినందుకు సిస్టర్ మెచ్చుకోలేదు. ఆలస్యంగా చెప్పినందుకు మళ్లీ తిట్టింది. తిట్టి, వార్డంతా తిప్పి చూపించింది.

ఆ వారంలోనే హాల్లోకి నర్సు వచ్చింది. కిటికీ వరసతో మొదలుపెట్టి, బాగున్నది ఉంచి, బాగాలేనిది మార్చుకుంటూ మెల్లగా వార్డంతా కొత్త పద్ధతికి వచ్చింది. మాస్టారికి ఇప్పుడు ఫోను వస్తోంది. టైలరమ్మ కట్టు కట్టిన చేత్తో మళ్లీ వచ్చి, కొత్త చీర కొనిపెట్టమని సిస్టర్ని ఆటపట్టించింది.

తర్వాత ఒక సభలో మేనేజరు మైకు పట్టుకుని, "మేము దశలవారీగా, ఎంతో ముందుచూపుతో చేపట్టిన మార్పు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న సిస్టర్ చేతులు కట్టుకునే ఉంది.

ఇంటికొచ్చాక భర్త, "అయినా నువ్వన్నట్టే జరిగిందిగా, ఇంకా ఎందుకు మండిపడతావు?" అన్నాడు.

"నేనన్నట్టు జరగడానికి ఒక మనిషి నెత్తురు కారాల్సొచ్చింది" అంది ఆవిడ.

అత్తగారు ఈసారి గోడ దగ్గర్నుంచి లేచింది. కోడలికి మంచినీళ్లు తెచ్చిచ్చింది.